కాగితాలకు ఎక్కని సంగతులు

మన కాంపులలో ఒక పెద్దమనిషి కాలం చేస్తే పరామర్శకు వచ్చినవారు మొదట అడిగేది "వయసెంతండీ?" అని. తరువాత కాస్త గొంతు తగ్గించి, "ఎన్నెకరాలుండేవి?" అని అడుగుతారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. ఎక్కడినుంచో వచ్చి, నల్లరేగడిలో గట్లు వేసుకొని, బతుకులు నిలబెట్టుకున్నవాళ్ళం. మనిషి పడిన కష్టానికి ఎకరాలు ఒక కొలత. నేను ఉద్యోగం చేసిన నౌకాదళంలో గూడా ఇటువంటి కొలత ఒకటి వున్నది. అక్కడ ఎవరైనా పోతే, "ఏ హోదాలో రిటైరయ్యాడు? ఏయే నౌకలమీద పనిచేశాడు?" అంటారు. ఆ జవాబు అర ఠావు కాగితంలో సరిపోతుంది. నాతో చదువుకున్నవారిలో ఇప్పటికి సగం మంది లేరు. వాళ్ళ అర ఠావులన్నీ నా దగ్గర వున్నాయి. వాటిలో పట్టని సంగతులు కొన్ని, ఈ పత్రిక చదివే అన్నయ్యలకూ అక్కయ్యలకూ మనవి చేయాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

రాయచూరు జిల్లావాడికి సముద్రంతో పని ఏమిటని అడగవచ్చును. నిజమే. మనది రెండు నదుల నడిమి సీమ. పైన కృష్ణ, కింద తుంగభద్ర. ఎటు నడిచినా సముద్రం వందల మైళ్ళ దూరం. తుంగభద్ర ఆనకట్టనుంచి 1953లో నీళ్ళు వదిలిన తరువాత, ఎడమ కాలువ సింధనూరు, మాన్వి వైపు సాగుతూ వుండగా, కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు వచ్చి ఇక్కడ భూములు కొన్న సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. మా నాన్న 1958లో దివి తాలూకానుంచి వచ్చాడు. అప్పటికి నాకు అయిదేళ్ళు. రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రంనుంచి మైసూరు రాష్ట్రంలో కలిసి రెండేళ్ళే అయింది. గడ్డి కప్పిన పాకలో, దీపం ఆర్పిన తరువాత, అమ్మ తన పుట్టింటి దగ్గర వినపడే సముద్రపు హోరు సంగతి చెప్పేది. "ఆ హోరే నా కొడుకును పట్టుకుపోయింది" అని తరువాత రోజులలో అందరితో అంటూ వుండేది.

నేను 1972లో కొచ్చిలోని నేవల్ అకాడమీలో చేరాను. అది పెట్టి అప్పటికి మూడేళ్ళు, 1969లో మొదలైనది. వెండురుత్తి నౌకా స్థావరంలో, చుట్టూ ఉప్పునీటి కయ్యల మధ్య వుండేది. తెల్లవారుజామున లేపి, పడవలలో తెడ్లు వేయించేవారు. మోకులకు ముళ్ళు వేయటం, నక్షత్రాన్ని చూసి నౌక వున్న చోటు లెక్క కట్టటం నేర్పేవారు. మా తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్ళం నలుగురం: బళ్ళారివాడు ఒకడు, గుంటూరువాడు ఒకడు, బందరువాడు ఒకడు, నేను. మాతో ఎప్పుడూ కలిసి తిరిగే త్రిచూరు కుర్రవాడు అయిదోవాడు. వాళ్ళ పేర్లు రాయటం లేదు. వాళ్ళ ఇళ్ళలో ఇంకా మనుషులున్నారు, అడగకుండా రాయకూడదు.

మేము చదివిన అకాడమీ ఇప్పుడు కొచ్చిలో లేదు. 1986లో గోవాకు తరలిపోయింది. 2009లో కేరళలోనే ఉత్తరాన ఎళిమలలో పెద్ద భవనాలతో వెలసింది. అది గూడా మనలాగే సామాను సర్దుకొని వలస వెళ్ళిందన్నమాట. పుట్టి పెరిగిన వూళ్ళో అయితే రచ్చబండ దగ్గర ఎవరో ఒక ముసలాయన కూర్చొని, ఫలానావాడి తాత ఇట్లాంటివాడు, ముత్తాత అట్లాంటివాడు అని చెపుతాడు. వలస వచ్చినవాళ్ళకు ఆ ముసలాయన వుండడు. చూసినవాళ్ళు చెప్పాలి. వాళ్ళు చెప్పకుండా పోతే ఇక అంతే.

యుద్ధంలో పోయినవారి సంగతి వేరు. మేము చేరటానికి కొద్ది వారాల ముందు, 1971 డిసెంబరు 9 రాత్రి, ఖుక్రీ అనే మన యుద్ధనౌక డయ్యూ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ వేసిన టార్పెడోలకు మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వదలకుండా దానితోబాటే వెళ్ళిపోయారు. ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. మా అధికారులు ఆ కథ చెపుతూ వుంటే తరగతిలో ఒక్కరు గూడా కదిలేవారు కాదు. డయ్యూలో ఆ నౌకకు స్మారకం కట్టారు, సంవత్సరానికొకసారి పూలు పెడతారు. అది ఉచితం, అవసరం. కాని శాంతికాలంలో పోయినవాడికి, ముసలితనంలో ఆసుపత్రి మంచంమీద పోయినవాడికి రాయి ఎవరు పాతుతారు?

మాలో మొదట పోయినవాడు బళ్ళారివాడు. నౌకాదళంలోనే విమానం నడపటం నేర్చుకున్నాడు. 1980లో ఒకనాడు పడమటి సముద్రంమీదికి వెళ్ళిన విమానం తిరిగి రాలేదు. శరీరం దొరకలేదు. అప్పటికి అతని కూతురికి రెండేళ్ళు. ఆ అమ్మాయి ఇప్పుడు అమెరికాలో వుంటున్నది. నాలుగేళ్ళ కిందట నా చిరునామా సంపాదించి ఉత్తరం రాసింది. "మావయ్యగారూ, నాన్నగారి కాగితాలన్నీ నా దగ్గర వున్నాయి. ఎక్కడ చదివారో, ఏ తేదీన ఏ హోదా వచ్చిందో అన్నీ తెలుసును. కాగితాలలో లేనిది ఏదైనా చెప్పండి. ఆయన ఎలా నవ్వేవారు?" అని.

ఆ ఒక్క ప్రశ్నకు ఎనిమిది పేజీలు జవాబు రాశాను. అకాడమీకి వచ్చేనాటికి వాడికి ఈత రాదమ్మా, అని రాశాను. బళ్ళారి ఎండలో పెరిగినవాడికి ఈత ఎక్కడినుంచి వస్తుంది? మొదటి రోజు ఎత్తు బల్లమీదినుంచి నీళ్ళలోకి దూకమంటే, ఈత రాదని చెప్పకుండా, కళ్ళు మూసుకొని "అమ్మా" అంటూ దూకేశాడు. పైకి లాగిన తరువాత నేర్పే ఆయన కోప్పడి, "రాదని ఎందుకు చెప్పలేదు?" అంటే, "దూకమన్నారు గాని, ఈత వచ్చునా అని తమరు అడగలేదు గదా" అన్నాడు. అప్పుడు నవ్వాడు. వాడి నవ్వుకు చప్పుడు వుండదు. నోరు మూసుకొనే వుంటుంది, భుజాలు మాత్రం ఎగిరి పడుతూ వుంటాయి. నెల తిరిగేసరికి మా అందరికంటె ముందు ఈదేవాడు.

ఆ అమ్మాయినుంచి జవాబు వచ్చింది. "చిన్నప్పటినుంచీ నేను నవ్వినప్పుడల్లా మా అమ్మ, భుజాలు అలా ఎగరేయకే, అని కసిరి లోపలికి వెళ్ళిపోయేది. ఎందుకో ఇన్నేళ్ళూ తెలియలేదు" అని రాసింది. ఆ ఉత్తరం చదివిన తరువాతనే ఈ పనిని గట్టిగా పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను.

గుంటూరువాడు జలాంతర్గాములలో పనిచేశాడు. మన నౌకాదళంలో మొదటి జలాంతర్గామి కల్వరి 1967లో చేరింది. ఆ జాతివే మరికొన్ని తరువాత వచ్చాయి. వాటిలో ఒకటైన కురుసుర 2001లో విశ్రాంతి తీసుకొని, 2002నుంచి విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ప్రదర్శనశాలగా వున్నది. మీలో చాలామంది చూసే వుంటారు. 91 మీటర్ల పొడవున్న గొట్టంలాంటి ఆ ఇంటిలో 75 మంది వారాల తరబడి వుండాలి. చుట్టూ సముద్రమే, కాని మంచినీళ్ళు కొలిచి పోస్తారు. స్నానం అన్నమాట మరచిపోవాలి.

1988 ఎండాకాలంలో మా చెల్లెలి పెళ్ళికి వాడు మా కాంపుకు వచ్చాడు. ఆ పెళ్ళి సంగతి మళ్ళీ చెపుతాను. మాది కాలువకు చివరి భూమి. పైవాళ్ళు వరి వేసుకోగా మిగిలితే మాకు నీళ్ళు. ఎండాకాలం కాలువ కట్టేస్తే, చెరువులో నిలవ చేసుకున్న నీళ్ళే తాగటానికి ఆధారం. వచ్చిన మర్నాడు అమ్మ వాడి స్నానానికి నాలుగు బిందెలు పెట్టించింది. వాడు వాటిని చూసి, మూడు బిందెలు తిరిగి లోపలికి మోసి, మిగిలిన దానిలో నాలుగు చెంబులతో స్నానం ముగించి వచ్చాడు. "ఇదేమి స్నానం బాబూ?" అంటే, "అమ్మగారూ, సముద్రం అడుగున వుండి నేర్చుకున్న విద్య, మీ కాంపులో పనికి వచ్చింది" అన్నాడు. వున్న నాలుగు రోజులూ మా కాంపు పిల్లలను పోగుచేసి, నీళ్ళ కింద మనిషి ఎలా బతుకుతాడో బొగ్గుతో గోడమీద బొమ్మ వేసి చెప్పాడు. ఆ గోడకు చాలా ఏళ్ళు మా నాన్న సున్నం వేయనివ్వలేదు.

రిటైరయిన తరువాత విశాఖలో స్థిరపడి, ఆదివారాలు టిక్కెట్టు కొనుక్కొని కురుసురలోకి వెళ్ళేవాడు. అక్కడ తగిన వివరాలు చెప్పేవారు వుంటారు. వీడు మాత్రం పిల్లల వరుసలో నిలబడి, వాళ్ళు అడగని సంగతులు చెప్పేవాడు: ఎవరు ఎక్కడ పడుకునేవారు, గురక పెట్టేవాణ్ణి ఎట్లా లేపేవారు, పండుగనాడు ఏమి వండేవారు. 2009లో పోయాడు. పత్రికలో పడిన నాలుగు లైనులలో పదవులన్నీ వున్నాయి. ఆదివారాల టిక్కెట్లు లేవు.

ఇక త్రిచూరువాడు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ ఉప్పెన రోజు మీలో ఎవరు మరచిపోగలరు? 10,000 మందికి తక్కువ కాకుండా పోయారు. పాలకాయతిప్పలాంటి వూళ్ళు తుడిచిపెట్టుకు పోయాయి. మా అమ్మ పుట్టింటివారంతా నాగాయలంక దాటి సముద్రం పక్కనే వుండేవారు. అప్పటికి నేనూ త్రిచూరువాడూ విశాఖపట్నంలో వున్నాము. నేను సెలవు అడగటానికి వెళ్ళేసరికి, నాకంటె ముందే వాడు తన సెలవు కాగితం రాసి చేతిలో పట్టుకొని నిలబడి వున్నాడు. "నువ్వెందుకురా?" అంటే, "నీతో ఒకడు వుండాలి" అన్నాడు, అంతే.

బెజవాడ చేరి, దొరికిన బండి ఎక్కి, బండి ఆగిపోయిన చోటునుంచి బురదలో నడిచాము. చూసినదంతా ఇక్కడ రాయను. మా మేనమామలు ఇద్దరూ లేరు. పిన్ని, బాబాయి లేరు. పిన్ని కూతురు, ఎనిమిదేళ్ళది, రాత్రంతా తుమ్మచెట్టు పట్టుకొని వుండి బతికింది. ఒళ్ళంతా ముళ్ళ గీతలు. మాట లేదు. త్రిచూరువాడికి తెలుగు నాలుగు ముక్కలకంటె రాదు. ఆ పిల్లను భుజాలమీద కూర్చోబెట్టుకొని అవనిగడ్డ దాకా మోశాడు. దారి పొడవునా మలయాళంలో ఏదో పాట పాడుతూనే వున్నాడు. పిల్లను ఒక సహాయ శిబిరంలో అప్పగించి, మళ్ళీ వెనక్కు వచ్చి, మూడు రోజులు అక్కడి కుర్రవాళ్ళతో కలిసి శవాలకు దహనం చేశాడు. తిరిగి వచ్చిన తరువాత ఆ సంగతి ఎవరితోనూ ఎత్తలేదు.

ఆ పిల్ల మా కాంపులో, మా అమ్మ చేతిమీద పెరిగింది. 1988లో ఆమెకే పెళ్ళి. మన పద్ధతిలో పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి మేనమామలు మండపానికి తీసుకురావాలి గదా! మేనమామలు ఉప్పెనలో పోయారు. ఎవరు పట్టాలి అని పెద్దలు తర్జనభర్జన పడుతూ వుంటే, అమ్మ లేచి త్రిచూరువాడి దగ్గరికి వెళ్ళి, "బాబూ, అప్పుడు మోసినవాడివి నువ్వే. ఇప్పుడూ నువ్వే మొయ్యి" అన్నది. వాడికి మాట పూర్తిగా అర్థమైందో లేదో గాని, పంచె ఎగగట్టి గంపకు ఒక పక్క పట్టాడు. రెండో పక్క గుంటూరువాడు పట్టాడు. మా కాంపులో ఆ పెళ్ళి చూసినవారు ఇంకా పదిమందైనా వున్నారు, అడిగి చూడండి.

వాడు కమాండరు హోదాలో రిటైరయ్యాడు. దానికి పైన వాడికి రాలేదు. 2016లో త్రిచూరులో పోయాడు. వాడి సర్వీసు కాగితంలో 1977 నవంబరుకు ఎదురుగా వుండేది ఒకే ఒక్క మాట: సెలవు. కబురు వచ్చిన రోజున మా చెల్లెలు తలస్నానం చేసి, మూడు రోజులు మైల పట్టింది. పట్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

చివరకు బందరువాడి సంగతి. వీడు సరఫరా శాఖలో పనిచేశాడు. బియ్యం, పప్పు, బట్టలు, బూట్లు, వాటి లెక్కలు. నౌకాదళం కథలలో ఇటువంటివారు కనపడరు. కాని నౌక బయలుదేరాలంటే ముందు వాళ్ళ సంతకం పడాలి. వీడికి లెక్క రాయటం ఉద్యోగం మాత్రమే కాదు, స్వభావం. మా తరగతివారందరి చిరునామాలూ ఒక లావుపాటి పుస్తకంలో రాసి పెట్టాడు. ఎవరు బదిలీ అయినా కార్డు వేసి అడిగి, పాతది కొట్టివేసి కొత్తది రాసేవాడు. ఎవరైనా పోతే మాత్రం పేరు కొట్టివేయడు. పక్కన తేదీ వేసి, దాని కింద భార్య చిరునామా, పిల్లల చిరునామాలు రాస్తాడు. పండుగకు కార్డు అక్కడికి వెళ్ళేది.

అప్పట్లో బొంబాయినుంచి మద్రాసు వెళ్ళే మా వాళ్ళంతా రాయచూరు మీదుగా పోవలసిందే. 1871లో ఆ రెండు వైపుల రైలుదారులూ కలిసింది మన రాయచూరులోనే గదా! ఎవరు వస్తున్నారని ఉత్తరం అందినా, అమ్మ తెల్లవారుజామునే పులిహోర కలిపి, గోంగూర పచ్చడి సీసాతో మా నాన్నను మాన్వి మీదుగా బస్సులో రాయచూరు పంపేది. బండి ఆగేది కొద్ది నిమిషాలు. నాన్నకు మా వాళ్ళ మొహాలు తెలియవు. ప్లాట్‌ఫారం మీద నిలబడి "సింధనూరు, సింధనూరు" అని కేకపెట్టేవాడు. ఏదో ఒక కిటికీలోంచి చెయ్యి బయటికి వచ్చేది.

2021 మే నెలలో, కోవిడ్ రెండోసారి విజృంభించిన రోజులలో, బందరువాడు హైదరాబాదులో పోయాడు. దహనానికి నలుగురే వెళ్ళగలిగారు. ఆ నలుగురిలో మా తరగతివాడు ఒక్కడు గూడా లేడు. ఎవరి వూళ్ళో వారు తలుపులు వేసుకొని కూర్చున్న కాలం అది. ఆరు నెలల తరువాత అతని భార్య ఆ చిరునామాల పుస్తకాన్ని నాకు పంపించింది. "అన్నయ్యగారూ, పండుగకు కార్డులు వేయటం ఆగకూడదని ఆయన కోరిక" అని చీటీ పెట్టింది.

పుస్తకం తిరగేస్తూ వుంటే వెనక పేజీలలో "బాకీలు" అనే శీర్షిక కనపడింది. ఎవరి దగ్గర ఎప్పుడు చేబదులు తీసుకున్నాడో, ఎప్పుడు తీర్చాడో అన్నీ వున్నాయి, అన్నీ కొట్టివేసి వున్నాయి. ఒక్కటి మాత్రం అలాగే వున్నది: "సింధనూరు అమ్మగారికి, రాయచూరు స్టేషనులో పులిహోర, రెండుసార్లు." మా అమ్మ పోయి అప్పటికే చాలా ఏళ్ళయింది. చదివి వినిపించటానికి ఆమె లేదు గదా అని ఆ పూట అన్నం సహించలేదు.

ఇప్పుడు ఆ పుస్తకంలోనే, పోయిన ప్రతివాడి పేరు ఎదురుగా వున్న ఖాళీ పేజీలో, నాకు తెలిసిన సంగతి ఒకటి రాస్తున్నాను. పదవులు రాయటం లేదు. అవి ఎట్లాగూ ప్రభుత్వం దగ్గర వున్నాయి. వాడు ఎట్లా నవ్వేవాడు, ఎవరిని మోశాడు, ఎన్ని చెంబులతో స్నానం చేశాడు, అది రాస్తున్నాను. రాసినది నకలు తీసి వాళ్ళ పిల్లలకు పంపుతున్నాను. ఇప్పటికి పదకొండు మందివి అయినాయి. వయసు డెబ్బయి దాటింది, చెయ్యి వణుకుతున్నది, కనుక రోజుకు ఒక పేజీకంటె సాగటం లేదు.

మన కాంపులను కట్టిన మొదటి తరంవారు గూడా ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు. వాళ్ళ ఎకరాల లెక్క పహణీలలో వుంటుంది, చెరగదు. పహణీలో లేనిది తెలిసినవారు ఇంట్లో ఎవరైనా వుంటే, వారిని కూర్చోబెట్టి అడిగి రాసుకోండి. పెద్ద చదువు అక్కరలేదు, పెద్ద భాష అసలే అక్కరలేదు.

త్రిచూరువాడి పేజీ ఇంకా ఖాళీగానే వుంచాను. అది తనే రాస్తానని మా చెల్లెలు పట్టుపట్టింది. ఆమె మాన్విలో కన్నడ బడిలో చదువుకున్నది, తెలుగు మాట్లాడుతుంది గాని రాయటం రాదు. కన్నడంలోనే రాయమన్నాను. దాన్ని మలయాళంలోకి మార్చి అతని భార్యకు చదివి వినిపించేవారు ఎవరైనా మన సంఘంలో వుంటే, నాకు ఒక కార్డు ముక్క రాయవలసిందిగా ప్రార్థన.